బలము - వేగము

బాన్సువాడ పరిసరములలో నిజాంసాగరు కాలువల నీటితో వరి పండును. కోతలైన పిదప ధాన్యపు బస్తాలను లారీల కెత్తు హమాలీలను మీరు చూచియే యుందురు. హమాలీ బస్తాను మెల్లమెల్లగా లేపడు. మోకాళ్లు వంచి, వెన్ను వంగకుండ నిలిపి, ఒక్క ఊపున భుజమునకు చేర్చును. బలమునకు వేగము తోడైననే పని నెఱవేఱునని అతడు అనుభవమున నేర్చినాడు. క్రీడాకారుల సాధనకును ఇదియే మూలము.

బలము వేఱు, సామర్థ్యము వేఱు. 50 కిలోల బస్తాను ఒకడు రెండు సెకనులలోను, మఱియొకడు ఒక్క సెకనులోను మీటరు ఎత్తునకు లేపిరనుకొనుడు. ఇరువురు చేసిన పని ఒక్కటియే. కాని రెండవవాని సామర్థ్యము మొదటివానికి రెండింతలు. దూకువానికి, పరుగెత్తువానికి, గుండు విసరువానికి కావలసినది ఈ సామర్థ్యమే. 2022లో ఇస్తాంబుల్ నగరమున ప్రపంచ విజేతయైన నిజామాబాదు బాక్సింగు క్రీడాకారిణి నిఖత్ జరీన్ ఆటకును ఇది అవసరమే. బాక్సరు దెబ్బ కేవలము చేతిది కాదు. పాదమున పుట్టి, నడుము త్రిప్పుటచే పెరిగి, భుజము మీదుగా పిడికిలిని చేరును.

ఈ విద్యకు పరీక్షాస్థలము బరువులెత్తు పోటీ. ఇందు రెండు విధములు గలవు. స్నాచ్‌లో బరువును నేలనుండి తలపైకి ఒక్క ఊపున చేర్చవలయును. క్లీన్ అండ్ జెర్క్‌లో మొదట భుజములకు, పిదప తలపైకి చేర్చవలయును. బరువు వేగముగా పైకి లేచుచున్న క్షణముననే క్రీడాకారుడు దాని క్రిందికి దూఱవలయును. ఏమాత్రము ఆలస్యమైనను బరువు నేలపాలగును.

శ్రీకాకుళము జిల్లా ఆమదాలవలస ప్రాంతమునకు చెందిన కరణం మల్లీశ్వరి 1994, 1995 సంవత్సరములలో ప్రపంచ విజేతయై, 2000లో సిడ్నీ ఒలింపిక్సునకు వెళ్లెను. స్త్రీలకు ఒలింపిక్సులో ఈ పోటీ జరుగుట అదియే మొదలు. సెప్టెంబరు 19న ఆమె 69 కిలోల తరగతిలో స్నాచ్‌లో 110, రెండవ విధమున 130, మొత్తము 240 కిలోలెత్తెను. చివరి ప్రయత్నమున స్వర్ణము నాశించి 137.5 కిలోలకు పూనుకొనెను గాని ఎత్తలేకపోయెను. మొదటి రెండు స్థానములవారు ఎత్తినది 242.5 కిలోలు. మల్లీశ్వరికి కాంస్యము లభించెను. ఒలింపిక్ పతకము గెల్చిన తొలి భారత మహిళ ఆమెయే.

ఇట్టి సామర్థ్య మొక్కనాట రాదు. సాధన మొదలిడిన తొలి వారములలో కండ అంతగా పెరుగకయే బలము హెచ్చును. ఎక్కువ కండర తంతువులను ఒక్కసారిగా పనికి పిలుచుట నరములు నేర్చుకొనుటయే ఇందులకు కారణము. కండ పెరుగుట పిదప జరుగును. దానికి మంచి ఆహారము, విశ్రాంతి, నిద్ర కావలయును. బరువును కొంచెము కొంచెముగా పెంచవలయును. ప్రాచీన గ్రీసున మైలో యను మల్లుడు లేగదూడను ప్రతిదినము మోయుచు, అది ఎద్దైన నాటికి ఎద్దునే మోసెనని కథ కలదు. బలము కుదిరిన పిదప వేగసాధన చేయవలయును. మోకాళ్లు వంచి వెంటనే పైకెగురుట, తేలికబంతిని రెండుచేతులతో దూరముగా విసరుట అందు కొన్ని. వీనిని కొద్దిసార్లే, అలసట లేనప్పుడే చేయవలయును. అలసిన దేహము వేగమును మఱచి నిదానమునే అలవాటు చేసికొనును.

బాలబాలికలారా! మీ వయసున తొందరపాటు తగదు. శిక్షకుని యెదుట మొదట వట్టి కఱ్ఱతో పద్ధతి నేర్వుడు. పద్ధతి కుదిరిన పిదపనే బరువు చేర్పుడు. తోటివాని కంటె ఎక్కువ ఎత్తవలెనను పంతముతో వెన్ను పాడుచేసికొన్నవాడు ఆటకే దూరమగును. నిన్నటి మీకంటె నేడు కొంచెము మేలైతిరా, అదియే చాలును.

ప్రశ్నలు
1. బలమునకు, సామర్థ్యమునకు గల భేదమును ఉదాహరణముతో వివరింపుడు.
2. సిడ్నీలో మల్లీశ్వరి చివరి ప్రయత్నమును గూర్చి మీ అభిప్రాయమేమి?
3. వేగసాధన అలసట లేనప్పుడే ఏల చేయవలయును?