కరగిన ఔషధమున స్ఫటికరూప పరిశీలనము

ఒకే ఔషధపు అణువులు భిన్నవిన్యాసములతో కూడి వేర్వేరు స్ఫటికములగుటను బహురూపత యందురు. 1996లో క్యాప్సూళ్లుగా విపణికి వచ్చిన హెచ్.ఐ.వి. ఔషధము రిటోనావిర్, 1998లో అంతవఱకు కనబడని, తక్కువగా కరగెడు రెండవ స్ఫటికరూపము దాల్పగా, వానిని ఉపసంహరింపవలసి వచ్చెను. ప్రాణాధారమైన మందునకే ఇట్టి యాపద వాటిల్లుట ఎంత శోచనీయము! పిమ్మట ఔషధమును పాలిమరుతో కలిపి, వేడిగొట్టమున జంటమరలచే మర్దించి, కరగిన ముద్దను రంధ్రముగుండ వెలువరించు హాట్ మెల్ట్ ఎక్స్‌ట్రూజన్ పద్ధతిచే, లోపినావిర్ అను వేఱొక ఔషధముతో జతగూర్చిన మాత్ర 2005లో వెలువడి, ఫ్రిజ్ అక్కఱ లేకయే నిలువగలిగెను.

ఇందు స్ఫటికము పూర్తిగా లయించెనా, శేషమేమైన మిగిలెనా యని తెలియవలెను గదా! అందులకు యంత్రపు నిర్గమద్వారమున రామన్ వర్ణపటమాపకమును అమర్చి లేజరుకాంతిని ప్రసరింపజేయుదురు: స్ఫటికమున్నచో వర్ణపటమున శిఖరములు సన్నగా, స్పష్టముగా నుండును, అది లయించినకొలది వెడల్పై యొండొంటితో కలిసిపోవును. నమూనాను ప్రయోగశాలకు గొనిపోవులోపల అది చల్లారి రూపము మాఱవచ్చును గనుక, ప్రవాహముననే పరీక్షించుట మేలు. 1928 ఫిబ్రవరి 28న వెల్లడియై, సి.వి. రామన్‌కు 1930లో నోబెల్ బహుమతి తెచ్చిన రామన్ ఫలితమే దీని కాధారము. ఇట్టి ప్రక్రియా విశ్లేషణ సాంకేతికతపై అమెరికా ఔషధ నియంత్రణ సంస్థయైన ఎఫ్.డి.ఏ. 2004లో మార్గదర్శకమును ప్రకటించెను.