ఇసుక అడుగున ఏముంది?

పోయిన సెలవుల్లో ప్రొద్దుటూరులో మా ఇంటి అక్వేరియం ఇసుకంతా ఒక్కసారిగా కెలికి కడిగేశాను. కుళ్ళిన కోడిగుడ్డు వాసన గుప్పుమంది. సాయంత్రానికి రెండు చేపలు తేలాయి. "ఊరికే ఉండేదాన్ని ఎందుకు కెలికితివిరా?" అంది అమ్మ.

చేపల వ్యర్థాల నుంచి అమ్మోనియా వస్తుంది. ఆక్సిజన్ అందే చోట బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపలకు విషం. నైట్రేట్ అంత ప్రమాదం కాదు గానీ పేరుకుపోతుంది. ఇసుక లోతున ఆక్సిజన్ దాదాపు ఉండదు. అక్కడి బ్యాక్టీరియా నైట్రేట్‌తోనే శ్వాసించి, నైట్రోజన్ వాయువును వదులుతుంది. ఇదే డీనైట్రిఫికేషన్.

నైట్రేట్ కూడా అయిపోతే సల్ఫేట్ వంతు. అప్పుడు పుట్టేది హైడ్రోజన్ సల్ఫైడ్. నాకు తగిలిన వాసన అదే. చేపల్ని చంపిందీ అదేనని నా అనుమానం.

మన కేసీ కెనాల్ కింద వరిమళ్ళలోనూ ఇదే కెమిస్ట్రీ. నీళ్ళు నిలిచిన మడిలో వేసిన యూరియాలో కొంత ఇలాగే గాలిలో కలిసిపోతుంది. తొట్టిలో అది మేలు, మడిలో రైతుకు నష్టం.

కాబట్టి ఫ్రెండ్స్, ఇసుకను ఒకేసారి కెలకొద్దు. వారానికో మూల శుభ్రం చేయండి, నాలుగో వంతు నీళ్ళు మార్చండి. అమ్మ కెమిస్ట్రీ చదవలేదు గానీ, చెప్పింది మాత్రం కరెక్టే.