ఏడాది ఫోను రీఛార్జి: లెక్క చూచి ఎన్నుకొను విధము

గ్రామ పంచాయతీ సభ్యుని యొద్దకు ప్రజలు తెచ్చు సమస్యలు అనేకములు. వీధి దీపము వెలుగుట లేదని ఒకరు, కుళాయికి నీరు అందుట లేదని మరియొకరు వత్తురు. ఇటీవల వీనితో పాటు ఇంకొక ప్రశ్న కూడ వినవచ్చుచున్నది. "అయ్యా, ఈ సెల్‌ఫోనుకు నెల నెలా డబ్బు వేయించలేకున్నాము. ఏడాదికి ఒక్కసారే వేయించుకొనిన మేలా?" అని వృద్ధులు, కూలీలు, చిన్న రైతులు అడుగుచున్నారు. ఈ ప్రశ్నకు ఔననియో కాదనియో ఒక్క మాటలో చెప్పుట తగదు. ఒక ఇంటికి లాభమైనది పొరుగింటికి నష్టము కావచ్చును. అడిగినవారి యెదుట కాగితముపై లెక్క వేసి చూపగల నేర్పు సభ్యులకు ఉండవలెనను ఉద్దేశముతో ఈ పాఠమును వ్రాయుచున్నాము.

నంబరు పోయిన నష్టమెట్టిది?

నేడు ఫోను నంబరు మాటలాడుటకు మాత్రమే కాదు. బ్యాంకు ఖాతా, ఆధారు కార్డు, వంటగ్యాసు మొదలైనవన్నియు దానితోనే ముడిపడి యున్నవి. ఖాతాలో సొమ్ము పడినదన్న వార్త ఆ నంబరుకే వచ్చును. ఓటీపీ అనబడు రహస్య సంఖ్యయు దానికే వచ్చును. కావున నంబరు చేజారిన వ్యక్తి మరల బ్యాంకునకును, ఆధారు కేంద్రమునకును తిరుగవలసి యుండును. కూలి దినములు పోవును. బస్సు ఖర్చులు పైబడును.

రీఛార్జి గడువు ముగిసిన పిదప మన నుండి వెళ్లు పిలుపులు మొదట ఆగును. కొన్ని దినములకు వచ్చు పిలుపులును ఆగిపోవును. వరుసగా 90 దినములు ఎట్టి వాడుకయు లేనిచో కంపెనీ ఆ నంబరును రద్దు చేయవచ్చును. అయితే నిల్వ 20 రూపాయలకు తగ్గకుండ ఉన్నంత కాలము వాడుక లేదను కారణముచే రద్దు చేయరాదని టెలికాం నియంత్రణ సంస్థయగు ట్రాయ్ 2013లో నియమము ఏర్పరచినది. రద్దయిన నంబరు కొంత కాలము గడచిన మీదట వేరొకరికి ఇయ్యబడును. అప్పుడు మన బ్యాంకు వార్తలు ఎవరో అపరిచితుని ఫోనుకు చేరు ప్రమాదము కలదు. పంటల మధ్య కాలమున చేతిలో సొమ్ము లేక రీఛార్జి మానుకొను పేద కుటుంబములకే ఈ అపాయము అధికము. ఏడాది రీఛార్జి యొక్క మొదటి ప్రయోజనము ఇచ్చటనే యున్నది. పంట అమ్మిన దినమున ఒక్కసారి కట్టిన, మరుసటి పంట వరకు నంబరు నిలిచి యుండును.

మొదటి లెక్క: దినమునకు ఎంత పడుచున్నది?

దుకాణములో ధర మాత్రమే చూచి మోసపోవువారు పెక్కురు. ధరను గడువు దినములచే భాగించిననే అసలు వెల తెలియును.

28 దినముల గడువును మనవారు "నెల" అని పిలుచుచున్నారు. అది నెల కాదు. పండ్రెండుసార్లు వేయించిన 336 దినములే యగును. ఏడాది నిండుటకు పదమూడవ రీఛార్జి అవసరమగును. ఈ కారణము చేతనే ప్రతి కంపెనీయు 30 దినముల గడువు గల పథకమును, ప్రతి నెల అదే తేదీన వేయించుకొనదగిన పథకమును ఒక్కొక్కటియైనను ఉంచవలెనని 2022 జనవరిలో ట్రాయ్ ఆదేశించినది.

ఒక ఉదాహరణము చూతము. 2024 జూలైలో ధరలు పెరిగినప్పుడు ఎయిర్‌టెల్ వారి 28 దినముల పథకము 199 రూపాయలు. అదే కంపెనీ వారి 365 దినముల పథకము 1,999 రూపాయలు. మొదటి దానిలో 2 జి.బి. డేటా, రెండవ దానిలో ఏడాదికంతకు 24 జి.బి. డేటా కలదు. పదమూడుసార్లు 199 రూపాయలు కట్టిన మొత్తము 2,587 రూపాయలగును. ఒక్కసారి కట్టిన 1,999తో సరిపోవును. ఆదా 588 రూపాయలు.

"ఏడాది పథకము" అని చెప్పబడునదెల్ల 365 దినములదని నమ్మరాదు. 2025 జనవరిలో మాటలకు, సందేశములకు మాత్రమే పరిమితమైన రెండు పథకములు ఇట్లుండెను. జియో వారిది 1,748 రూపాయలు, గడువు 336 దినములు. ఎయిర్‌టెల్ వారిది 1,849 రూపాయలు, గడువు 365 దినములు. చూచుటకు మొదటిది 101 రూపాయలు చౌక. కాని దినమునకు లెక్కించిన మొదటిది సుమారు 5 రూపాయల 20 పైసలు, రెండవది 5 రూపాయల 7 పైసలు. మొదటి దాని లెక్కనే 365 దినములకు కట్టవలసి వచ్చిన సుమారు 1,899 రూపాయలగును. చౌక యని తోచినది 50 రూపాయలు ప్రియమైనది.

ఏ కంపెనీని మెచ్చుటకును, నిందించుటకును ఈ అంకెలను ఇయ్యలేదు. ఇవి ఆయా మాసముల నాటి ధరలు. ధరలు మారుచుండును. సభ్యులు గుర్తుంచుకొనవలసినది లెక్క చేయు పద్ధతిని మాత్రమే.

రెండవ లెక్క: ఇంటిలో వాడుక ఎంత?

అవసరము లేని డేటాకు ధర చెల్లించుట, వాననీటితో పండు చేనికి మోటారు కొనుట వంటిది. మీట ఫోను వాడు ముసలివారికి డేటాతో పని లేదు. పొలములోని మోటారును దూరము నుండి నడుపు మొబైల్ స్టార్టరులో ఒక సిమ్ ఉండును. అనేక స్టార్టర్లకు పిలుపు, సందేశము ఉన్న చాలును. ఇట్టివారు పూర్వము డేటాతో కూడిన పథకమునే కొనవలసి వచ్చుచుండెను. 2024 డిసెంబరులో ట్రాయ్ నియమములను సవరించి, మాటలకు, సందేశములకు మాత్రమే వర్తించు ప్రత్యేక వోచరును ప్రతి కంపెనీయు ఇయ్యవలెనని శాసించినది. అట్టి వోచర్ల గరిష్ఠ గడువును 90 దినముల నుండి 365 దినములకు పెంచినది. పైన చెప్పిన రెండు పథకములు ఆ సవరణ ఫలితమే. ఈ సంగతి తెలియని వారు గ్రామములందు ఇంకను పలువురు కలరు.

ఓటీపీలు, బ్యాంకు సందేశములు మనకు వచ్చునవే గాని మనము పంపునవి కావు. వచ్చు సందేశమునకు రుసుము లేదు. కావున డేటా లేని పథకమున ఓటీపీ రాదను భయము అక్కరలేదు.

ఇక కువైటు, దుబాయి మొదలైన చోట్లకు కుమారుడు పనికి పోయిన ఇంటి సంగతి వేరు. "అపరిమిత పిలుపులు" అనగా దేశములోని పిలుపులే. విదేశములకు చేయు పిలుపులు వానిలో చేరవు. ఆ తల్లి కుమారుని ముఖము చూచి మాటలాడవలెనన్న డేటా కావలెను. ఇంటర్నెట్టు ద్వారా చదువుకొను విద్యార్థికిని అంతే. ఏడాదికి 24 జి.బి. అనగా దినమునకు సుమారు 67 ఎం.బి. మాత్రమే. ప్రతి దినము వీడియోలు చూచువారికి అది చాలదు. వారు దినవారీ డేటా గల పథకమును ఎన్నుకొనవలెను. 2024 జూలైలో దినమునకు 2 జి.బి. ఇచ్చు ఎయిర్‌టెల్ వారి ఏడాది పథకము 3,599 రూపాయలు. ఇట్టి పథకములలో ఒక దినమున మిగిలిన డేటా మరునాటికి చేరదు. కావున గడచిన మూడు నెలల వాడుక ఎంతయో ముందుగా చూచుకొనుట మంచిది.

మూడవ లెక్క: ఆ సొమ్ము ఎచ్చటిది?

ఈ లెక్కను దుకాణదారు చెప్పడు. ఇంటిలో నిల్వయున్న సొమ్ముతో ఏడాది రీఛార్జి చేయించిన ఆదా నిజమైన ఆదా. అప్పు తెచ్చి చేయించిన ఏమగును? నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 1,999 తెచ్చి, ఏడాది చివర తీర్చిన వడ్డీ సుమారు 480 రూపాయలగును. 588 రూపాయల ఆదాలో మిగులునది 108 మాత్రమే. వడ్డీ మూడు రూపాయలైనచో 720 అగును. అప్పుడు ఆదా పోయి 132 రూపాయల నష్టము వచ్చును.

మాటల పథకమున ఆదా ఇంకను తక్కువ. 2025 జనవరిలో ఎయిర్‌టెల్ వారిదే 84 దినముల మాటల పథకము 469 రూపాయలు. ఆ లెక్కన 365 దినములకు సుమారు 2,038 రూపాయలగును. 1,849 రూపాయల ఏడాది పథకముతో పోల్చిన ఆదా 189 మాత్రమే. రెండు రూపాయల వడ్డీకి 1,849 తెచ్చిన వడ్డీయే 444 అగును. కావున చేతిలో సొమ్ము లేనివానికి 84 దినముల పథకమే మేలు. అప్పు చేసి ఆదా చేయుమని మనము ఎవరికిని సలహా ఇయ్యరాదు.

ఏడాది పథకమునకు మరియొక లాభము కలదు. 2019 డిసెంబరులోను, 2021 చివరను, 2024 జూలైలోను కంపెనీలు ధరలు పెంచినవి. పెంపునకు ముందు ఏడాదికి కట్టినవారికి గడువు తీరువరకు పాత ధరయే నిలిచినది.

సొమ్ము కట్టుటకు ముందు

ఏడాది సొమ్ము ముందుగా చెల్లించుట పాలికాపునకు ఏడాది జీతము ముందే ఇచ్చుట వంటిది. పని చేయునో లేదో తెలిసికొని ఇయ్యవలెను. ఈ నాలుగు విషయములను పరీక్షింపవలెను.

1. సిగ్నల్. పట్టణపు దుకాణములో సిగ్నల్ బాగుండుట ప్రమాణము కాదు. మన ఇంటిలోను, పొలములోను, కరెంటు పోయిన సమయమునను చూడవలెను. కొత్త కంపెనీ యైనచో మొదట 28 దినముల రీఛార్జి వేయించి, అనుభవము కలిగిన పిదపనే ఏడాదికి కట్టవలెను.

2. ఫోను రకము. జియో వారి సేవ 2016లో 4జి మార్గముననే ఆరంభమైనది. పాత 2జి మీట ఫోనులో ఆ సిమ్ పని చేయదు. సిమ్ మార్చుటకు ముందు ఫోను సరిపడునో లేదో అడుగవలెను.

3. కంపెనీ మార్పు. నంబరు మారకుండ కంపెనీని మార్చు సదుపాయము 2011 జనవరి నుండి దేశమంతట కలదు. పోర్ట్ అను మాటతో మన నంబరును చేర్చి 1900కు సందేశము పంపిన సంకేతము వచ్చును. కాని మారిన దినముననే పాత కంపెనీ యొద్ద మిగిలిన గడువు, నిల్వ రెండును పోవును. ఏడాదికి కట్టి, రెండవ నెలలో మారినవాడు పది నెలల సొమ్ము వదలుకొనినట్లే.

4. నంబరు, రసీదు. ఒక అంకె తప్పిన ఏడాది సొమ్ము వేరొకరి ఫోనుకు పోవును. దుకాణదారు నొక్కుటకు ముందే నంబరును రెండుసార్లు చదివించవలెను. గడువు తేదీ తెలుపు సందేశము వచ్చిన పిదపనే దుకాణము విడువవలెను. పొరపాటు జరిగిన 198కి ఫిర్యాదు చేసి, వారిచ్చు ఫిర్యాదు సంఖ్యను వ్రాసి పెట్టుకొనవలెను. అచ్చట న్యాయము జరుగనిచో ఆ కంపెనీ యొక్క అప్పీలు అధికారికి విన్నవించుకొనవచ్చును.

పంచాయతీ చేయదగిన పని

ప్రతి వార్డు సభ్యుడును తన వార్డులో ఒంటరిగా నివసించు వృద్ధులను, చదువురాని వారిని గుర్తించి, వారి రీఛార్జి గడువు ఎన్నడు తీరునో ఒక చిన్న పుస్తకమున వ్రాసికొనిన చాలును. పది దినములు ముందుగా జ్ఞాపకము చేయవచ్చును. ఓటీపీని మాత్రము సభ్యుడు అడుగరాదు, వారు చెప్పరాదు. గ్రామసభ జరుగు దినమున మాటల పథకముల ధరలను, గడువులను, దినమునకు పడు వెలను నల్లబల్లపై వ్రాసి చూపిన, ఊరికంతకు ఈ లెక్క తెలియును. ఏ కంపెనీ తరఫునను మాటలాడక, అన్నింటి ధరలను ప్రక్క ప్రక్కన వ్రాయుట సభ్యుల ధర్మము.

ఈ పాఠమును చదివిన సభ్యులు మొదట తమ ఇంటి ఫోనుతో ఆరంభింపవలెనని మా మనవి. గడచిన ఏడాదిలో ఎన్నిసార్లు రీఛార్జి చేయించితిమి? మొత్తమెంత? అందులో డేటాను నిజముగా వాడిన దినములెన్ని? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము వ్రాసికొనిన వారికి ఏ పథకము తగునో తామే తెలియును. తరువాత పొరుగింటి అవ్వకు చెప్పుట సులభమగును. ఆమె నంబరు నిలిచిన, ఆమె కూలి సొమ్ము ఖాతాలో పడిన వార్త ఆమెకే చేరును.