కరువును కూడా ఫైల్లో పెట్టు

అనంతపురం

మేనకోడలికి,

జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్లో నీ పేరు చేరిందని మీ నాయన ఫోన్ చేసి చెప్పినాడు. మనసు నిండింది పాపా. సెక్షన్లు నువ్వు చదువుకునే ఉంటావు. మన సీమలో అవి ఎక్కడెక్కడ ఆగిపోతాయో చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నా.

1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టంలో 12వ సెక్షన్ ఇంకొకసారి తీసి చదువు. ఉచిత న్యాయ సహాయం ఎవరికివ్వాలన్న జాబితాలో ఆడవాళ్లు, పిల్లలు ఉన్నారు. వాళ్ల ఆదాయమెంతని అడగాల్సిన పనే లేదు. ఎస్సీ, ఎస్టీలు, అక్రమ రవాణాకు గురైనవాళ్లు ఉన్నారు. వరద, భూకంపంతో పాటు కరువు బాధితుల్ని కూడా అక్కడే రాసినారు. నీ దగ్గరికొచ్చే కేసుల్లో చాలావాటిలో కరువు ఉంటుంది. పోలీసు కాగితంలో మాత్రం కనిపించదు. దాన్ని ఫైల్లోకి తీసుకురావడమే నీ మొదటి పని.

పడమటి కనుమల చాటున పడిన నేల మనది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ అదనుకు పడదు. చెనిక్కాయ ఎండిందంటే ఆలుమగలు బెంగుళూరుకు కట్టడం పనికి పోతారు. ఈడొచ్చిన పిల్లను ముసలోళ్ల దగ్గర ఎట్లా వదిలేదని భయపడి, పద్దెనిమిది నిండకుండానే ఎవరికో ఒకరికి ముడిపెడతారు. అప్పు తీర్చలేక మొగుడు పురుగుల మందు తాగితే అప్పులోళ్లు పెండ్లాం వాకిట్లో కూర్చుంటారు. అప్పుడే బ్రోకరు వస్తాడు. ఇంటిపని ఇప్పిస్తాం, మంచి జీతం వస్తుందని నమ్మించి కదిరి చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లను ఢిల్లీ, ముంబయి, పుణె వ్యభిచార గృహాలకు అమ్మేసిన చరిత్ర మనకు తెలుసు. బాల్యవివాహం, గృహహింస, అక్రమ రవాణా అని వేర్వేరు ఫైళ్లు నీ చేతికొస్తాయి. ప్రతి ఫైల్లోనూ అప్పు ఎంత, ఎవరి దగ్గర, వలస ఎక్కడికి, ఇంట్లో ఎవరు మిగిలినారు అని ముందు రాసుకో.

తనకల్లు వైపు నుంచి అనంతపురం వచ్చే ఆడమనిషికి ఒక వాయిదా అంటే ఒక దినం కూలి, రానూపోనూ బస్సు చార్జీలు, చంకలో బిడ్డకు తిండి. రెండు వాయిదాలు ఊరికే పోతే మూడోదానికి రాలేదు. రాకపోతే ఆమెకే కేసు మీద ఆసక్తి లేదంటారు. అందుకే పిటిషన్ ఎక్కడ వేయాలో ఆలోచించి వెయ్యి. 2005 గృహహింస చట్టం ప్రకారం ఆమె తాత్కాలికంగా ఉంటున్న చోట కూడా వేయొచ్చు. బెంగుళూరులో కూలికి ఉంటే అక్కడే, కదిరిలో పుట్టింటికొచ్చి ఉంటే కదిరిలోనే. సాక్షికి ప్రయాణ ఖర్చులు ఇప్పించే అధికారం క్రిమినల్ కోర్టుకు ఉంది. మొహమాటపడకుండా అడుగు.

భరణం కేసుల్లో అవతలివాడు కరువును తనకు సాక్షిగా తెచ్చుకుంటాడు. వానల్లేవు, పంట లేదు, నా దగ్గరేముందంటాడు. దాన్ని నోటిమాటగా వదలొద్దు. ఇద్దరూ ఆస్తులు, ఆదాయాల అఫిడవిట్ వేయాలని, దరఖాస్తు పెట్టిన రోజు నుంచే భరణం లెక్కగట్టాలని 2020లో రజ్నేశ్–నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బోరు ఎవరి పేరున ఉంది, పంటల బీమా ఎవరి ఖాతాలో పడింది, వలసపోయి ఏ మేస్త్రీ కింద పని చేస్తున్నాడు అని ఒక్కొక్కటే అడుగు. కరువు ఇద్దరిదీ అయినప్పుడు ఆకలి ఆమె ఒక్కదానిదే కాకూడదు.

రాజీ విషయంలో గట్టిగా ఉండు. చిన్నపిల్ల మీద అఘాయిత్యం జరిగినా పెద్దమనుషులు పంచాయితీ పెట్టి, అప్పు మాఫీ చేస్తామనో, ఇంత ఇస్తామనో చెప్పి తల్లిదండ్రుల చేత సాక్ష్యం తిప్పిస్తారు. తల్లిదండ్రులను కోప్పడొద్దు. వాళ్లు ఎవరికి బాకీ ఉన్నారో ముందే కనుక్కో. పోక్సో కేసు రాజీ కాగితంతో ముగిసేది కాదని, లోక్ అదాలత్‌కు కూడా ఆ అధికారం లేదని వాళ్లకు అర్థమయ్యేట్టు చెప్పు. ప్రత్యేక కోర్టు మధ్యంతర పరిహారం ఇప్పించగలదు. దాని కోసం మొదట్లోనే దరఖాస్తు పెట్టు. ఇంటికి ఆ డబ్బు వేళకు అందితే పెద్దమనిషి చూపించే డబ్బుకు బలం తగ్గుతుంది. బెదిరింపులుంటే 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం ఉంది.

పోక్సో చట్టం పిల్లలకిచ్చిన రక్షణలు కంఠతా ఉండాలి. పోలీసులు యూనిఫాంలో వచ్చి పిల్ల వాంగ్మూలం తీసుకోకూడదు. కోర్టులో వకీళ్లు ఎవరైనా ప్రశ్నను జడ్జి ద్వారానే అడగాలి. పిల్లను పదేపదే పిలిపించకూడదు. నమ్మకమున్న మనిషి పక్కన ఉండొచ్చు. ప్రాసిక్యూటర్ ఉన్నాడు కదా అని వెనక బెంచీలో కూర్చోవద్దు; సొంత వకీలును పెట్టుకునే హక్కు 40వ సెక్షన్ పిల్ల కుటుంబానికిచ్చింది. ఈ నియమాల్లో ఒక్కటి తప్పినా లేచి నిలబడాల్సింది నువ్వే. బాల్యవధువు వస్తే, మైనారిటీ తీరిన రెండేళ్లలోపు ఆ పెళ్లిని రద్దు చేయమని కోరే హక్కు తనకుందని ఆమెకు చెప్పు. ఆ పిల్ల తిరిగి బడికి ఎట్లా పోతుందన్నది కూడా నీ కేసులో భాగమే.

అమ్ముడుపోయి తిరిగొచ్చిన ఆడవాళ్ల పేరు, ఊరు ఎక్కడా బయటికి పొక్కనీయొద్దు. పద్దెనిమిది నిండిన మనిషిని, హోముకు పోతావా ఇంటికి పోతావా అని ఆమెనే అడుగు. ఆమె చెప్పిందే కోర్టుకు చెప్పు. కదిరిలో రెడ్స్ సంస్థ ఏళ్లుగా వీళ్ల మధ్య పనిచేస్తోంది. బయటపడిన మహిళలే విముక్తి పేరుతో వేదిక పెట్టుకున్నారు. వాళ్ల దగ్గర కూర్చుని విను.

మన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి మనవడు బాలగోపాల్ గారు లెక్కల పాఠాలు వదిలి హక్కుల పనిలోకి వచ్చి, తర్వాత నల్లకోటు వేసుకున్నారు. వాకపల్లి ఆదివాసీ మహిళల పక్షాన నిలబడినారు. తమ మీద పోలీసులు అత్యాచారం చేశారని 2007లో ఆ మహిళలు 11 మంది చెప్పినారు. 2009లో ఆయన పోయారు. 2023లో విశాఖ ప్రత్యేక కోర్టు నిందితులందరినీ విడిచిపెట్టింది. దర్యాప్తు సరిగా చేయలేదని తప్పుపట్టి, ఆ మహిళలకు పరిహారం ఇవ్వమంది. అన్నేళ్లూ వాళ్లు తమ మాట మీదే ఉన్నారు. తొలిరోజుల్లో దర్యాప్తులో జారిపోయినదాన్ని ఎంత గొప్ప వాదనా వెనక్కి తేలేదు. అందుకే కబురు అందిన రోజే బయల్దేరు. పోలీసులు మా స్టేషన్ పరిధి కాదంటే జీరో ఎఫ్‌ఐఆర్ రాయించు. వైద్య పరీక్ష అయిందా, బట్టలు స్వాధీనం చేసుకున్నారా అని నీ కళ్లతో చూడు.

ప్యానెల్ ఫీజుతో ఇల్లు గడవదు. సంపాదన కేసులు చేసుకో, తప్పులేదు. కానీ డబ్బిచ్చే కక్షిదారుకు ఎంత చదివి, ఎంత సిద్ధపడి పోతావో, ఉచితంగా వచ్చిన ఆమెకూ అంతే సిద్ధపడి పో. ఆమె వాయిదాకు జూనియర్‌ను పంపి సమయం అడిగించే అలవాటు నీకు ఎప్పుడైనా వస్తే, ఆ రోజే ప్యానెల్ నుంచి నీ పేరు తీయించుకుని, ఆ చోటు ఇంకొకరికి ఇవ్వు.

ప్రేమతో,
మీ అత్త