ప్రాక్టీస్‌లో ముందు, పందెంలో వెనక

సమస్య:

నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. యూనివర్సిటీ క్రాస్ కంట్రీ జట్టులో ఉన్నాను. పొద్దున్నే గ్రౌండ్‌లో కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు, ఆర్మీకి తయారయ్యే అన్నలతో కలిసి పరిగెత్తుతాను. రోజూ చివరి రెండు రౌండ్లు ఎవరు ముందో తేల్చుకునేదాకా వస్తాయి. అక్కడ నన్ను దాటేవాళ్లు తక్కువే. ఆదివారం పది కిలోమీటర్ల పందెంలో మాత్రం ఆరో కిలోమీటరు దాటేసరికి కాళ్లు బరువెక్కిపోతాయి. ప్రాక్టీస్‌లో నా వెనక ఉండేవాళ్లే దాటిపోతారు. సోమవారం మళ్లీ స్పీడ్ వర్క్. సార్‌ని అడిగితే నా మైండ్ వీక్ అంటారు. నెమ్మదిగా పరిగెత్తితే అన్నలు నవ్వుతారు. ఈ మధ్య మోకాలి కింద ఎముక నొప్పి కూడా మొదలైంది. ఇంకా కష్టపడాలా, వదిలేయాలా?
— ఒక విద్యార్థి, హనుమకొండ

సలహా:

తెల్లవారకముందే గ్రౌండ్‌కు వెళ్లి, ఒంట్లో ఓపిక లేకపోయినా అందరికంటే ముందుండాలని చూసే కుర్రాడిది బలహీనమైన మనసంటే నేను ఒప్పుకోను. లోటు మీ వారం అమరికలో ఉంది. ఈవెంట్స్ అన్నలది 1600 మీటర్ల పని, కొద్ది నిమిషాల్లో తేలిపోయే పరీక్ష. రోజూ ఒకరినొకరు తరుముకున్నా వాళ్లకు కొంతకాలం చెల్లుతుంది. మీది గడ్డి, మట్టి, ఎత్తుపల్లాల మీద అరగంటకు పైగా సాగే పందెం. వాళ్ల పద్ధతిని మీ దూరానికి తెచ్చుకున్నారు. దాంతో మీ ప్రాక్టీస్ ప్రతిరోజూ ఒకే మధ్యరకం కష్టంగా మారింది. ఒళ్లు అలిసిపోయేంత వేగం ఉంటుంది, కానీ నిజంగా వేగం పెంచాల్సిన రోజున అందుకు కావలసిన శక్తి మిగలదు. మీరు కష్టం పెంచనక్కర్లేదు, పరుగూ మానొద్దు. తేలిక రోజులను నిజంగా తేలిక చేయండి.

దీనికి సరిగ్గా మీ పందేనికే సంబంధించిన ఆధారం ఉంది. స్పెయిన్ పరిశోధకుడు హోనాతన్ ఎస్తెవె-లనావో, ఆయన సహచరులు పన్నెండు మంది మంచి రన్నర్లను రెండు జట్లుగా చేసి ఐదు నెలలు సాధన చేయించారు. 2007లో ఆ ఫలితాలు ప్రచురించారు. మొత్తం శిక్షణ భారం రెండు జట్లకూ దాదాపు సమానం. అతి వేగంగా పరిగెత్తే భాగమూ సమానమే, నూటికి ఎనిమిది పాళ్లు. తేడా అంతా మధ్యలో. మొదటి జట్టు నూటికి ఎనభై పాళ్లు తేలిగ్గా పరిగెత్తింది. రెండో జట్టు తేలిక పరుగును అరవై ఏడుకు తగ్గించి, ఆ మిగిలింది మీరు రోజూ చేసే మధ్యరకం కష్టంలో పెట్టింది. ముందూ తర్వాతా 10.4 కిలోమీటర్ల క్రాస్ కంట్రీ పరుగు పెట్టి చూస్తే అందరూ మెరుగుపడ్డారు గానీ, తేలిక జట్టు అర నిమిషానికి పైగా ఎక్కువ సమయం తగ్గించుకుంది. పన్నెండు మందితో చేసిన చిన్న పరిశోధన కదా అనవచ్చు, నిజమే. అయితే నార్వేలో పనిచేసే స్టీఫెన్ సైలర్ రోయింగ్, స్కీయింగ్, పరుగు వంటి ఆటల్లో అగ్రశ్రేణి క్రీడాకారుల సాధన పరిశీలించినప్పుడూ ఇదే తేలింది. వాళ్ల ప్రాక్టీసుల్లో ఐదింట నాలుగు వంతులు తేలికవే.

నెమ్మదిగా పరిగెత్తితే మనిషే నెమ్మదైపోడా అన్న మీ అన్నల సందేహాన్ని కొట్టిపారేయక్కర్లేదు, జవాబు చెప్పాలి. న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ తన శిష్యుడు పీటర్ స్నెల్ చేత వారానికి 160 కిలోమీటర్ల దాకా పరిగెత్తించాడు. స్నెల్ మారథాన్ మనిషి కాడు, అతనిది 800 మీటర్లు. 1960 రోమ్‌లో ఆ పందెం గెలిచి, 1964 టోక్యోలో 800, 1500 రెండూ గెలిచాడు. ఆ దూరాలన్నీ అతని వేగాన్ని చంపలేదు. ఎందుకంటే తేలిక పరుగులో కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి, ఆక్సిజన్‌తో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతాయి. ఆరో కిలోమీటరు తర్వాత కాళ్లను కదిలించేవి అవే. వేగంగా పరిగెత్తిన రోజు మాత్రం కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ అనే ఇంధనం ఎక్కువగా ఖర్చవుతుంది. అది నిండడానికి కడుపునిండా అన్నం తిన్నా ఒక రోజో అంతకంటే ఎక్కువో పడుతుంది. ఆదివారం పందెం మీద సోమవారం స్పీడ్ వర్క్ అంటే, నిండకముందే మళ్లీ తోడుతున్నట్టే. అగ్రశ్రేణి రన్నర్లూ ఇలా తోడరు. కెన్యా రన్నర్ ఎలియుడ్ కిప్‌చోగే 2022లో బెర్లిన్ మారథాన్‌ను కిలోమీటరుకు మూడు నిమిషాల లోపు వేగంతో 2:01:09లో ముగించాడు. అప్పట్లో ఆయన వారంలో గట్టి రోజులు మూడే: మంగళవారం ట్రాక్, గురువారం లాంగ్ రన్, శనివారం ఫార్ట్‌లెక్ (వేగం మార్చుకుంటూ పరిగెత్తడం). మిగతా పరుగులు ఆ మారథాన్ వేగం కంటే ఎంతో నెమ్మదిగా మొదలయ్యేవి.

మీ వారంలో పందేన్నే ఒక గట్టి రోజుగా లెక్కేయండి. కోచ్‌లు మరిచిపోయేది తరచూ ఇదే. ఆదివారం పందెం ఉంటే సోమవారం అరగంట తేలిక పరుగు, లేదా పూర్తి విశ్రాంతి. మంగళవారమూ తేలిగ్గానే. బుధవారం గట్టి రోజు. ఆ రోజు ట్రాక్ వదిలి గడ్డి ఉన్న ఏటవాలు నేల వెతకండి. మూడేసి నిమిషాలు గట్టిగా, మధ్యలో రెండు నిమిషాలు మెల్లగా, ఐదారు సార్లు. ఎక్కేటప్పుడు అడుగు చిన్నది చేయడం, దిగేటప్పుడు వెనక్కి వాలకుండా కాళ్లను వదలడం అక్కడే అలవాటవుతాయి. గురు, శుక్రవారాలు తేలిక. పందెం లేని వారాల్లో ఆదివారం లాంగ్ రన్. శనివారం ఇరవై నిమిషాల జాగింగ్, చివర నాలుగైదు స్ట్రైడ్స్ (చిన్న వేగపు పరుగులు), అంతే. తేలిక అంటే ఎంత అన్నదానికి వాచీ అక్కర్లేదు. పక్కవాడితో పూర్తి వాక్యం ఆయాసం లేకుండా చెప్పగలగాలి. చెప్పలేకపోతే తగ్గించండి, ఎవరు దాటినా సరే.

కిప్‌చోగేకి వారానికి పన్నెండు పరుగుల దాకా ఉండేవి, మీకు ఆరో ఏడో, ఆ లెక్క మీకెలా వర్తిస్తుందని అడగవచ్చు. ఎనభై పాళ్లను అక్షరాలా పట్టుకోనక్కర్లేదు. వారంలో రెండుకు మించి గట్టి రోజులు ఉండకూడదన్నదే మీకు పనికొచ్చే భాగం. సార్‌తో వాదన పెట్టుకోవద్దు. "సార్, ఒక్క నెల ఇలా చేసి చూస్తాను, బుధవారం మీరు చెప్పింది చెప్పినట్టు చేస్తాను" అని అడగండి. ఆ బుధవారం మీ కాళ్లు ఎలా కదులుతున్నాయో ఆయనే చూస్తారు. పందెంలో మొదటి కిలోమీటరు కూడా మార్చుకోండి. దారి ఇరుకవుతుందని అందరూ దూసుకుపోతారు, మీరూ పోతూ ఉండవచ్చు. ఇరుకులో చిక్కుకుంటే నాలుగు స్థానాలు పోతాయన్న భయం న్యాయమైనదే. కానీ క్రాస్ కంట్రీలో నేల ప్రతిచోటా వేరు కనుక సమయానికి కాదు, స్థానానికే విలువ. మొదట పోయిన నాలుగు స్థానాలూ ఎనిమిదో కిలోమీటరులో తిరిగి వస్తాయి, అప్పటికి మీ దగ్గర శక్తి ఉంటే.

వీటన్నిటికంటే ముందు ఆ ఎముక సంగతి చూడండి. నొప్పి ఎముక పొడుగునా పరుచుకుని, వార్మప్ అయ్యాక తగ్గుతుంటే కొన్నాళ్లు పరుగు తగ్గించి చూడవచ్చు. ఒకే చోట వేలితో నొక్కితే చురుక్కుమన్నా, రాత్రి పడుకున్నప్పుడు కూడా సలుపుతున్నా అది ఎముకలో సన్నని పగులు కావచ్చు. అప్పుడు మాత్రలు మింగి పరిగెత్తొద్దు. ఈ వారమే ఎముకల డాక్టర్‌కు చూపించండి, పనిలో పనిగా రక్తంలో ఐరన్ కూడా పరీక్ష చేయించుకోండి. ఆయన సరేననేదాకా ఆదివారం పందేనికి పేరు ఇవ్వకండి.