జకాత్ లెక్క మన చేత్తో

పోయిన పాఠాల్లో భాగహారం నేర్చుకున్నాం. ఇప్పుడు దాన్ని ఒక పనికి వాడదాం.

మన సీమలో డబ్బును కూడా 'లెక్క' అంటాం. "చేతిలో లెక్క లేదు" అంటాం. జకాత్‌లో డబ్బూ ఉంది, దానికో లెక్కా ఉంది. మన తరగతిలో ముస్లిం అక్కలున్నారు, కానివాళ్లూ ఉన్నారు. పాఠం అందరిదీ. నలభైతో భాగించడం ఎవరికైనా పనికొస్తుంది.

ఇస్లాంలో ముఖ్యమైన విధులు అయిదు. కలిమా, నమాజు, ఉపవాసం, జకాత్, హజ్. జకాత్ అనే అరబ్బీ మాటకు శుభ్రం కావడం అనీ, పెరగడం అనీ అర్థం. కలిగినవాళ్లు తమ సొమ్ములో నలభయ్యో వంతు ఏటా పేదలకు ఇవ్వాలి. అంటే నూరు రూపాయలకు రెండున్నర. దయ కలిగినప్పుడు ఇచ్చేది దానం. జకాత్ అట్లా కాదు. అది పేదవాళ్ల వాటా. మన దగ్గర ఉన్నా మనది కాదు.

మరి కలిగినవాళ్లు అంటే ఎవరు? దానికి ఒక హద్దు ఉంది. దాన్ని నిసాబ్ అంటారు. బంగారం అయితే ఏడున్నర తులాలు, వెండి అయితే యాభై రెండున్నర తులాలు. ఇక్కడ జాగ్రత్త! ఇవి పాత తులాలు. పాత తులం 11 గ్రాముల 66 సెంటీగ్రాములు. ఇప్పుడు అంగట్లో తులం అంటే 10 గ్రాములు. కాబట్టి గ్రాముల్లో గుర్తు పెట్టుకోండి. బంగారం సుమారు 87 గ్రాములన్నర. వెండి సుమారు 612 గ్రాములు.

ఆ హద్దు దాటిన సొమ్ము చేతికొచ్చి చాంద్రమాన సంవత్సరం నిండితే జకాత్ ఇవ్వాలి. ఆ సంవత్సరం మన క్యాలెండరు కన్నా దాదాపు 11 రోజులు తక్కువ. పుణ్యం ఎక్కువని చాలామంది రంజాన్ నెలలో ఇస్తారు. పండగ నమాజుకు ముందు ఇంట్లో తలకు ఇంతని ఇచ్చే ఫిత్రా వేరు. రెండింటినీ కలపకండి.

ఉండే ఇల్లు, కట్టుకునే బట్టలు, వంట సామాన్లు, కుట్టు మిషను, వీటి మీద జకాత్ లేదు. దాచిన డబ్బు, పొదుపు సంఘంలో వేసిన డబ్బు, అమ్మకానికి పెట్టిన సరుకు, వీటి మీద ఉంది.

ఇక నగల సంగతి. ఆడవాళ్లకు ముఖ్యమైన చోటు ఇదే. మెడలో వేసుకునే నగకూ జకాత్ ఉందని హనఫీ పద్ధతి చెప్తుంది. మన వైపు ముస్లింలలో ఎక్కువమంది అనుసరించేది ఆ పద్ధతే. షాఫీ వంటి పద్ధతుల్లో వాడుకునే నగకు లేదంటారు.

పుట్టింటివాళ్లు పెట్టిన నగ ఎవరిది? మీది. కువైట్ పోయి కష్టపడి కొనుక్కొచ్చిన గాజులు ఎవరివి? అవీ మీవే. ఇస్లాంలో ఆడమనిషి ఆస్తి ఆమెదే. కాబట్టి దాని జకాత్ కూడా ఆమె మీదే ఉంటుంది. ఆమె ఒప్పుకుంటే మొగుడు కట్టవచ్చు, కానీ కట్టి తీరాలని లేదు. చేతిలో డబ్బు లేకపోతే నెలనెలా కొంచెం ముందుగానే ఇస్తూ పోవచ్చు. తాకట్టులో ఉన్న నగకు హనఫీ పద్ధతిలో జకాత్ లేదు. మన ఇళ్లల్లో నగ మెడలో కన్నా తాకట్టులోనే ఎక్కువ రోజులుంటుంది కదా, అందుకే ఈ మాట చెప్తున్నా.

ఒక అక్క ఉందనుకోండి. ఆమెకు 4 తులాల బంగారం, కొంత డబ్బు ఉంది. "ఏడున్నర తులాలు లేవు, నాకు జకాత్ లేదు" అంటుంది. నిజమేనా? కాదు. బంగారం, డబ్బు రెండూ ఉంటే వాటిని కలిపి వెండి హద్దుతో పోల్చాలని హనఫీ పండితులు చెప్తారు. 4 తులాల బంగారం ధర 612 గ్రాముల వెండి ధర కన్నా ఎక్కువే. కాబట్టి ఆమె ఇవ్వాలి.

ఆమె సొమ్మంతా కలిపి 4,80,000 రూపాయలు అనుకుందాం. ఇప్పుడు తీర్చాల్సిన అప్పు 40,000. తీసేస్తే మిగిలింది 4,40,000. దీన్ని నలభైతో భాగించాలి. చివరి సున్నా ఒకటి కొట్టేయండి. 44,000. నాలుగుతో భాగించండి. 11,000. అంతే!

పంటకు వేరే లెక్క. దాన్ని ఉష్ర్ అంటారు. వానకు పండితే పదో వంతు. బోరు నీళ్లు తోడి పండిస్తే ఇరవయ్యో వంతు. కష్టం, ఖర్చు పెరిగితే వాటా తగ్గుతుంది. మెట్ట సేద్యం చేసే మనకు ఇది బాగా తెలుస్తుంది. మన దేశంలోని భూములకు ఇది వర్తిస్తుందా అన్నదాని మీద పండితుల్లో రెండు మాటలున్నాయి.

ఎవరికి ఇవ్వాలి? ఖురాన్ 9వ అధ్యాయం 60వ వాక్యంలో ఎనిమిది రకాల వాళ్లను చెప్పారు. పేదలు, ఏమీ లేనివాళ్లు, అప్పుల్లో మునిగినవాళ్లు, దారిలో చిక్కుబడ్డ బాటసారులు అందులో ఉన్నారు. తల్లిదండ్రులకు, బిడ్డలకు ఇస్తే చెల్లదు. పేద చెల్లెలికో, మేనత్తకో ఇవ్వవచ్చు. మసీదు గోడ కట్టడానికి వాడకూడదు, ఒక మనిషి చేతికే చేరాలి. జకాత్ ముస్లిం పేదలకే అని ఎక్కువమంది పండితుల మాట. సదఖా అనే దానం ఏ మతంవాళ్లకైనా ఇవ్వవచ్చు.

కువైట్‌లో 1982లో జకాత్ వసూలుకు, పంపకానికి ప్రభుత్వమే ఒక సంస్థను పెట్టింది. మన దేశంలో సర్కారు వసూలు చేయదు. ఎవరి లెక్క వాళ్లే వేసుకోవాలి.

తీసుకునేవాళ్ల మాట కూడా చెప్పాలి. మొగుడు పోయి, అద్దె ఇంట్లో పిల్లలతో ఉండే ఆమె చెయ్యి చాచదు. సిగ్గు. వాకిట్లో వరసగా నిలబడేవాళ్లకు తలా పది రూపాయలు పంచేవాళ్లకు ఆమె కనపడదు. అట్లాంటి ఆమెను వెతుక్కుంటూ పోవాలి. "ఇది జకాత్" అని చెప్పనక్కరలేదు. ఇచ్చేవాళ్ల మనసులో ఆ తలంపు ఉంటే చాలు. "పిల్లలకు పుస్తకాలు కొను" అని చేతిలో పెట్టవచ్చు.

ఇప్పుడు నోటుబుక్కు తీయండి.

ఒక అక్క దగ్గర 12 తులాల బంగారం ఉంది. తులం 10 గ్రాములు. అప్పు లేదు. ఏడాది నిండింది. ఎన్ని గ్రాముల బంగారం విలువ ఇవ్వాలి?

ఇంకో అక్క దగ్గర బంగారం లేదు, వెండి లేదు. 2,000 రూపాయలున్నాయి. ఆమె ఇవ్వాలా, తీసుకోవచ్చా? పక్కన కూర్చున్న అక్కతో మాట్లాడి, జవాబు మీ చేత్తో రాయండి.