బాలుని యింటిమాట

పాలమూరు సీమలో తల్లి వెంట పల్లిచేనికి బోయి కాయలేఱు బాలుడొకడు తరగతిలో గూర్చుండియున్నాడనుకొందము. ఉపాధ్యాయుడు పుస్తకము తెఱచి, "వేరుసెనగ యెచ్చట గాయును?" అని యడుగును. బాలుడు పలుకడు. మొక్కను మట్టితో బెఱికినవాడే గాని, వాడెఱిగినది పల్లి యను పేరు. ఆ సంగతి యెఱుగని గురువు వానిని మందబుద్ధి యని తలంచును. నాలుగుమాఱు లిట్లు జరిగిన పిమ్మట బాలుడును తన్ను గూర్చి యట్లే తలంపసాగును. హాని యంతయు నిచ్చటనే యున్నది.

ఈ చిక్కును హైదరాబాదు నగరమున బాగుగ నెఱిగినవారు శ్రీ భాగ్యరెడ్డివర్మగారు (1888–1939). మాల కుటుంబమున జన్మించిన వారు 1906 లో జగన్మిత్రమండలిని స్థాపించి, హరికథల మూలమున తమవారికి బోధింపజేసిరి. అక్షరము రానివారికిని చెవులున్నవి గదా! 1910 లో ఇసామియాబజారున బడి పెట్టిరి. కాలక్రమమున బడులు 26, విద్యార్థులు 2,500 వఱకు నయిరి. ఉర్దూ రాజభాషగా నుండిన యా దినములలో ఆ బడుల పాఠములు తెలుగున జరిగెను. పిల్లవాని యింటిభాష బడిలోనికి గౌరవముతో బ్రవేశించె నన్నమాట.

అమెరికాలో 1954 నాటి తీర్పు వెనుక నల్లజాతి పిల్లలను తెల్లవారి బడులలో జేర్చుకొనిరి గాని, వారి గురువులను వేలకొలది తొలగించిరి. పిల్లలకు బడి దక్కెను, తమ్మెఱిగినవారు దక్కలేదు. అయితే ఆ వాడలో పుట్టినవారే యీ పని చేయగలరా? గ్లోరియా లాడ్సన్-బిల్లింగ్స్ అను విదుషీమణి 1994 లో నల్లజాతి పిల్లలకు జక్కగ జెప్పు ఎనమండ్రు ఉపాధ్యాయులను గూర్చి వ్రాసినది. వారిలో మువ్వురు తెల్లవారు. పుట్టనివారు అడిగి తెలిసికొనవలెను. అడుగుట కొందఱికి నామోషీ!

అయినను పాలమూరు కూలీల వాడలలో తండ్రులు దూరదేశముల ఆనకట్టల పనికి వలసపోయిన కాలమున, అట్టి యింటనే పుట్టి పంతులై వచ్చిన పురుషుని పిల్లలు చూచు చూపు వేఱు. దానిని పుస్తకము నేర్పజాలదు.

ఇంకొక సంగతి. ఆలంపురమున జన్మించిన ఆర్. ఎస్. ప్రవీణ్ కుమార్ గారు 2012 మొదలు 2021 వఱకు సాంఘిక సంక్షేమ గురుకులముల కార్యదర్శిగా నుండిరి. ఆ బాలబాలికలు తమ్ము స్వేరోలని పిలుచుకొనిరి. వారిలో లంబాడీ బాలిక మాలావత్ పూర్ణ, అప్పటి నల్లగొండ జిల్లాలోని భువనగిరి బండపై నెక్కుట నేర్చి, 2014 మే 25 న పదుమూడేండ్ల ప్రాయమున ఎవరెస్టు శిఖరమెక్కెను. ఆ గురుకులముల బోధన ఇంగ్లీషున. భాగ్యరెడ్డివర్మగారు తెలుగు కోరిరి, వీరు ఇంగ్లీషు కోరిరి. నాకిందు విరోధము తోపదు. ఏది తమ పిల్లలకు మూయబడెనో దానినే యిరువురు తెఱచిరి.

కావున మన పంతులు నల్లబల్లపై ముందుగ పల్లి యని వ్రాయును. బాలుడు చెప్పవలసినదంతయు చెప్పిన పిమ్మట దాని ప్రక్కన వేరుసెనగ యనియు, ఆ ప్రక్కన గ్రౌండ్‌నట్ అనియు వ్రాయును.